పదకొండు గంటల గాలి

జాబితా వాట్సాప్‌లోకి వచ్చేసరికి ఎవాంజెలిన్ టీకాల పెట్టెలో ఐసు ప్యాకులు సర్దుతోంది. చేతులు తడిగా ఉన్నాయి. మోచేతి కొసతో ఫోను తెర పైకి జరుపుతూ పేర్లు ఒక్కొక్కటే చదివింది. పదకొండో పేరు కె. జడ్సన్, ఫైర్‌మ్యాన్. పందొమ్మిదో పేరు ఎం. ఎవాంజెలిన్, స్టాఫ్ నర్సు, పెదపాళెం ఆరోగ్య కేంద్రం. మళ్లీ పైకి వెళ్లి పదకొండు చూసింది. మళ్లీ కిందికి వచ్చి పందొమ్మిది చూసింది. పెళ్లి కార్డు తర్వాత వాళ్లిద్దరి పేర్లూ ఒకే కాగితం మీద పడటం ఇదే.

ఐసు ప్యాకు ఒకటి చేతిలోంచి జారి నేల మీద టప్పున పడింది.

"ఏంది సిస్టరమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటా ఉండావు?" వరండాలో ఫినాయిలు నీళ్లతో తుడుస్తున్న నాగులమ్మ తలెత్తింది.

"ట్రైనింగు అక్కా! బుధ, గురు, శుక్రవారాలు. నేనూ మా ఆయనా, ఇద్దరం!"

"దేని గురించి?"

ఎవాంజెలిన్ చదివి వినిపించింది. ఉగ్రవాదులు విషవాయువులతో గానీ, రోగక్రిములతో గానీ, అణుధార్మిక పదార్థాలతో గానీ దాడి చేస్తే, అక్కడికి ముందుగా చేరుకునే సిబ్బంది ఏం చెయ్యాలో నేర్పే అవగాహన శిక్షణ.

నాగులమ్మ తడిబట్ట బక్కెట్లో పడేసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "పెళ్లైన కొత్తల్లో ఊటీకి బొయ్యేది విన్నా. విషవాయువు కాడికి బొయ్యేది ఇప్పుడే చూస్తుండా."

ఎవాంజెలిన్‌కు నవ్వు ఆగలేదు. ఆమెకు ఊటీ అక్కర్లేదు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో పెళ్లిళ్లుండవు కాబట్టి, అవి మొదలు కాకముందే పెళ్లి కావాలని పెద్దవాళ్లు తొందరపెడితే ఇద్దరికీ సెలవు దొరికింది నాలుగు రోజులే. ఆ తర్వాత ఆమె ఇంటికి వచ్చేసరికి జడ్సన్ హెల్మెట్ పట్టుకుని గుమ్మంలో ఉంటాడు. అతను వచ్చేసరికి ఆమె చెప్పులు వేసుకుంటూ ఉంటుంది. ఒకరోజు ఆమె ఇడ్లీ పెట్టి వెళ్తే, అతను తిని, కడిగిన గిన్నె కింద "చట్నీ అద్భుతం" అని చీటీ పెట్టి వెళ్లాడు. ఆ చీటీ ఇంకా ఆమె ఫోను కవరులో ఉంది. ఇప్పుడు మూడు రోజులు వరసగా పక్కపక్కనే కూర్చోవచ్చు. నాలుగో రోజు, శనివారం, ఇద్దరికీ సెలవు. పులికాట్‌లో పడవెక్కి రాజహంసలను చూడొచ్చు.

"నా పేరు ఉండాదా దాన్లో?" నాగులమ్మ అడిగింది. తేలిగ్గానే అడిగింది, బక్కెట్ వైపు చూస్తూ.

ఎవాంజెలిన్‌కు తెలుసు, లేదని. అయినా ఇంకోసారి పైనుంచి కిందిదాకా చూసింది. "లేదక్కా."

"ఉండదులే." నాగులమ్మ బట్ట పిండింది. ఆమె అరచేతుల్లో చర్మం మామూలుగా ఉండదు. పలచగా, ఎర్రగా మెరుస్తూ, అక్కడక్కడా పొరలు లేచి ఉంటుంది. ఎవాంజెలిన్ ఈ ఊరికి రాకముందు, పోయిన ఏడాది, దగ్గర్లోని రొయ్యల ఫ్యాక్టరీలో ఏదో గ్యాసు లీకైతే, పదకొండుమంది ఆడపిల్లలను బోరింగు దగ్గర కూర్చోబెట్టి, చీర అడ్డం పట్టించి, బట్టలు తీయించి కడిగింది ఆ చేతులే. ఆ రోజు ఉన్న గ్లౌజులు డాక్టరుకూ నర్సులకూ సరిపోయాయి. ఈ శిక్షణకు వెళ్లినవాళ్లకు బూట్లూ, ముఖానికి మాస్కూ, మోచేతులదాకా మందపాటి గ్లౌజులూ పేరు మీద ఇస్తారని జాబితా కింద రాసి ఉంది.

ఎవాంజెలిన్ ఫోను పట్టుకుని డాక్టరు ఎలిశబెతు గారి గదిలోకి వెళ్లింది.

"కాంట్రాక్టు వాళ్ల పేర్లు తీసుకోలేదమ్మా," అన్నారు డాక్టరు గారు, చీటీ రాస్తూనే. "మన సెంటరుకు ఒకటే సీటు. నువ్వు వదులుకుంటానంటే ఆమె పేరు పెట్టమని నేను బతిమాలి చూస్తా. వదులుకుంటావా?"

ఎవాంజెలిన్ నోరు తెరిచింది. పదకొండూ పందొమ్మిదీ కళ్ల ముందు కదిలాయి. నోరు మూసుకుంది.

"పర్లేదులే," అని డాక్టరు గారు నవ్వారు. "కొత్త పెళ్లికూతురివి."

బయటికి వచ్చేసరికి వరండా తళతళా మెరుస్తోంది. కిందపడిన ఐసు ప్యాకును ఎవరో తుడిచి పెట్టెలో సర్దిపెట్టారు.

*

శిక్షణ ఒక కల్యాణ మండపంలో. ముందురోజు ఎవరిదో పెళ్లి జరిగినట్టుంది. గుమ్మానికి అరటి గెలలు ఇంకా వేలాడుతున్నాయి. వేదిక మీద వధూవరుల ఎర్ర మఖమల్ కుర్చీలు రెండూ అలాగే ఉన్నాయి. శిక్షకుడు సుశీల్ కుమార్ గారు వరుడి కుర్చీలో లాప్‌టాప్ పెట్టి, వధువు కుర్చీలో గ్యాస్ మాస్కులు పేర్చారు.

"మన కుర్చీలు ఆక్రమించేసినాడే," జడ్సన్ ఆమె చెవిలో అన్నాడు.

"మీరు మాట్లాడకండి. క్రమశిక్షణకు మార్కులుంటాయంట."

"నీ పక్కన కూర్చున్నా గదా. నాకు మార్కులు వచ్చేసినట్టే."

సుశీల్ కుమార్ గారు ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నారు. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ మడత చెదరని చొక్కాతో ఉంటారు. గొంతు పెంచరు. ఆయన ముందుగా ఒక ప్రశ్న అడిగారు.

"సంత మధ్యలో పెద్ద చప్పుడు. ఇరవైమంది పడిపోయి ఉన్నారు. ఒంటి మీద గాయాల్లేవు. కాకులు కూడా చచ్చిపడి ఉన్నాయి. మీరు వచ్చారు. ఏం చేస్తారు?"

"ఉరుకుతాం సార్," అన్నాడు జడ్సన్ అందరికంటే ముందు.

"పేరు?"

"జడ్సన్ సార్."

"పెళ్లైందా?"

"నెల్లాళ్లు కావస్తా ఉండాది సార్."

"అయితే మీ ఆవిడకు ఇవాళ్టి నుంచి మీరు లేరు."

వెనక వరసలోంచి ఎవరో, "ఆమె ఈన్నే ఉండాది సార్! పక్కనే!" అని అరిచారు. హాలంతా గొల్లుమంది. ఎవాంజెలిన్ పుస్తకంతో ముఖం కప్పుకుంది. సుశీల్ కుమార్ గారు కూడా నవ్వి, "క్షమించమ్మా. మీకోసమే చెబుతున్నాను," అని జడ్సన్‌ను వేదిక మీదికి పిలిచారు.

"ఉరకొద్దు. ఆగాలి. చూడాలి. గాలి మీ వీపుకు తగలాలి. ముఖానికి తగులుతుంటే మీరు తప్పు వైపు ఉన్నట్టు. చెప్పండి."

"గాలి వీపుకు తగలాలి సార్."

"గట్టిగా. ఆవిడకు వినపడాలి."

జడ్సన్ గట్టిగా చెప్పాడు, ఆమె వైపే చూస్తూ. ఎవాంజెలిన్ ఆ మాటను నోట్సులో రాసి, కింద రెండుసార్లు గీత గీసింది. తన మొగుణ్ణి బతికించే మాట కదా అనిపించింది.

మధ్యాహ్నం పాఠం కడగడం గురించి. ఆ విషం పేరేమిటో మీకు తెలియనక్కర్లేదు, పేరు తర్వాత వచ్చేవాళ్లు చెబుతారు, అన్నారాయన. ముందు మనిషిని అక్కడినుంచి తేవాలి, బట్టలు తీయాలి, ధారాళంగా నీళ్లు పోయాలి. సగానికి పైగా ప్రాణాలు ఆ నీళ్ల దగ్గరే నిలబడతాయి. అందుకే కడిగేవాడికే అందరికంటే మంచి గ్లౌజులుండాలి.

"మీ మీ ఆసుపత్రుల్లో కడిగేది ఎవరు?"

నర్సులందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవాంజెలిన్ కాళ్లు వాటంతటవే లేచి నిలబడ్డాయి.

"నాగులమ్మ సార్."

"ఎక్కడ కూర్చున్నారు?"

"ఇక్కడ లేదు సార్. జాబితాలో పేరు రాలేదు. కాంట్రాక్టు."

ఆయన జాబితా తీసి చూశారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఇది నా చేతిలో లేదమ్మా. శుక్రవారం డ్రిల్లుకు రోగులుగా పడుకోవడానికి మనుషులు కావాలి. తీసుకురండి. కనీసం కళ్లతో చూస్తారు."

'నా సీటు ఇస్తాను' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన జడ్సన్ చొక్కా చేతి మీద ఆమె పొద్దున కుట్టిన బొత్తాం కనిపించింది. కూర్చుంది.

సాయంత్రం బండి మీద వెళ్తూ అతనికి అంతా చెప్పింది. రెండు పక్కలా రొయ్యల గుంటల్లో చక్రాలు తిరుగుతూ నీళ్లను తెల్లగా చిమ్ముతున్నాయి. ఎండ ఆ నీళ్లలో ముక్కలుగా విరిగి మెరుస్తోంది. ఇంకో రోజైతే అది చూసి ఆమె బండి ఆపించేది.

"నేను సీటు వదిలేసుంటే మీరు ఏమైనా అనుకునేవాళ్లా?"

"అనుకుంటా. ఏడుస్తా గూడా," అన్నాడు జడ్సన్. కొంచెం దూరం పోయాక, "ఏడ్చినాక, ఇట్టాంటిదాన్నా నేను చేసుకున్నది అని ఊరంతా చెప్పుకుంటా," అన్నాడు.

ఆమె అతని వీపుకు తల ఆనించింది. సంతోషం, సిగ్గు రెండూ ఒకేసారి రావచ్చని ఆమెకు అంతవరకూ తెలియదు.

*

శుక్రవారం డ్రిల్లు పెదపాళెం రేవులో. తూర్పున సముద్రం, పడమరన రోడ్డు, రోడ్డు పక్కన సరుగుడు తోపు. మధ్యలో చేపల వేలం పాడే షెడ్డు. ఆ షెడ్డులో విషవాయువు పేలినట్టు కథ. దాన్నుంచి హాని లేని పసుపురంగు పొగ వదులుతారు. పొద్దున ఎనిమిదిన్నరకు సుశీల్ కుమార్ గారు గుప్పెడు ఇసక ఎత్తి మెల్లగా వదిలి చూశారు. ఇసక సముద్రం వైపు పోయింది. గాలి పడమటినుంచి వీస్తోంది. కాబట్టి రోగులను కడిగే చోటు, వైద్య శిబిరం, అతిథుల డేరా అన్నీ పడమరన, తోపు పక్కనే. డేరా ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు.

తొమ్మిదికి మొదలవ్వాలి. ముఖ్య అతిథి రాలేదు. తొమ్మిదిన్నరకు కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగారు. పదికి మజ్జిగ పంచారు. సుశీల్ కుమార్ గారు షెడ్డు లోపల పొగ డబ్బాలను మూడోసారి సరిచూసుకుంటున్నారు.

నాగులమ్మ పీలికలైన పాత చీర కట్టుకుని, చెంపకు ఎర్రరంగు పూయించుకుని వచ్చింది. మెడలో వేసిన చీటీ ఎత్తి చూపించింది. "నాకు నల్లదిచ్చినారు సిస్టరమ్మా. మంచిదేనా?"

"చచ్చిపోయినట్టక్కా. ఎర్రచీటీ అయితే ముందు మొయ్యాలి. పసుపైతే తర్వాత. నల్లచీటీని దాటుకుని పోవాలి."

"పోనీలే. పండుకోనుండే పనేగదా." అని సముద్రం వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. చూసి, డ్రిల్లు ఏర్పాట్లు చూస్తున్న ఫైర్ ఆఫీసర్ క్రీస్తురాజు దగ్గరికి నడిచింది.

"అయ్యా, ఇప్పుడైతే ఈడ బాగుండాది. పదకొండుకి సముద్రం గాలి ఎక్కతాది. అప్పుడు పొగంతా మీ డేరాలోకే."

క్రీస్తురాజు మంచివాడే. కానీ ముఖ్య అతిథి కారు అల్లూరు దాటిందని అప్పుడే ఫోను వచ్చింది. "ఫ్లెక్సీ కట్టేసినామమ్మా. కుర్చీలు వేసేసినాం. ఇదిగో, ఫోన్లో గూడా పడమటి గాలనే చూపిస్తా ఉండాది. నువ్వు పేషెంటువి. పోయి పండుకో, పో."

అప్పుడు ఎవాంజెలిన్ కొత్త బూట్ల తాళ్లు కట్టుకుంటోంది. ఆ మాటలన్నీ వింది. తలెత్తితే తనూ ఏదో ఒకటి అనాలి. తాళ్లను ఇంకోసారి విప్పి కట్టింది.

పదిన్నర దాటాక కారు వచ్చింది. దండలు, శాలువా, ఫొటోలు. పదకొండుకు పది నిమిషాలుండగా షెడ్డులో టపాకాయ పేలింది, పసుపు పొగ బుస్సుమని లేచి సముద్రం వైపు పోయింది. డేరా కింద చప్పట్లు.

ఎవాంజెలిన్ తెల్లటి రక్షణ సూటులో, మాస్కులో, ఇసక మీద అడుగులు వేస్తోంది. తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తోంది. ఎర్రచీటీ మెడలో ఉన్న ముసలాయన్ను చూపించి చెయ్యి ఊపింది. ఇద్దరు మోసుకుపోయారు. అరవై అడుగుల దూరంలో, రెండు ఫైరింజన్ల మధ్య, జడ్సన్ హోసు తిప్పుతూ నీళ్ల తెర పరిచాడు. ఎండలో ఆ తెర మీద చిన్న ఇంద్రధనుస్సు పడింది. అంత పనిలోనూ ఆమె అది చూసింది. మాస్కులో ఎవరికీ కనపడకుండా నవ్వుకుంది.

నల్లచీటీని దాటబోతుంటే చీలమండను ఎవరో పట్టుకున్నారు.

"సిస్టరమ్మా."

"చచ్చినవాళ్లు మాట్లాడకూడదక్కా!"

"చచ్చినా గాబట్టే నింపాదిగా చూస్తుండా. చెట్లు విను."

ఎవాంజెలిన్ ఆగింది. పొద్దుటినుంచి ఎడతెగకుండా వస్తున్న సరుగుడు చెట్ల హోరు లేదు. ఎప్పుడు ఆగిందో తెలియదు.

"గాలి చచ్చిపొయ్యింది. ఇప్పుడు తిరగతాది. అదిగో ఆడ, నీళ్ల మీద నల్లగీత కనిపిస్తా ఉండాదా? అది ఒడ్డుకు తగిలేలోపల అందరినీ దక్షిణం పక్క పడవల కాడికి జరపండి. నెత్తళ్లు ఆరబోసేటప్పుడు ఆ గీత చూసుకునే గదా మేం తట్టలు తీసుకోని ఆ పక్కకు పొయ్యేది. లేకుంటే ఇసకంతా చేపల్లోనే. బిన్నా చెప్పు, ఆలస్యం చెయ్యబాకు."

ఎవాంజెలిన్ సముద్రం చూసింది. దూరంగా, లేత నీలం మీద పెన్సిలుతో గీసినట్టు సన్నటి ముదురు గీత. మెల్లగా దగ్గరికి వస్తోంది.

తల మీద రెండు చేతులూ అడ్డంగా మూడుసార్లు ఊపితే, అందరూ చోటు మారాలని అర్థం. ప్రమాదం చూసినవాళ్లు ఎవరైనా ఊపవచ్చని పాఠంలో చెప్పారు. అయితే ఈ డ్రిల్లులో ఆ సంకేతం లేదు. ఊపితే, అతిథుల ముందు, కెమెరాల ముందు అంతా చెడుతుంది. చెడగొట్టింది పందొమ్మిదో పేరని అందరికీ తెలుస్తుంది. ఎవాంజెలిన్ కాలి మీద ఇంకా ఉన్న చేతిని చూసింది. పొరలు లేచిన ఆ చేతికి గ్లౌజు లేదు. తన చేతులకు మోచేతులదాకా ఉంది.

రెండు చేతులూ ఎత్తి ఊపింది. దక్షిణంగా, పడవల వైపు చాపింది.

"సిస్టర్, సిస్టర్," మైకులో క్రీస్తురాజు గొంతు. "ఆ సిగ్నలు ఇప్పుడు లేదమ్మా. కొనసాగించండి."

ఆమె మళ్లీ ఊపింది. మాస్కులో ముఖం కనపడదు. అరిచినా అంత దూరం వినపడదు. జడ్సన్ ఆమె చేతులను చూశాడు. ఎందుకని అడగలేదు. మైకు వైపు చూడలేదు. ఈల నోట్లో పెట్టుకుని పొడుగ్గా ఊది, నీళ్లు కట్టించి, ఇంకో హోసు ముక్క బిగించి, "పడవల కాడికి! పడవల కాడికి!" అని కేకేస్తూ లాక్కుంటూ పరిగెత్తాడు. అతని జట్టు పరిగెత్తింది. రోగులు తమ కట్లూ, తమ రంగు రక్తం మర్చిపోయి, నవ్వుతూ, చీరలు ఎత్తిపట్టుకుని వెనకాలే పరిగెత్తారు. ఎవాంజెలిన్ నాగులమ్మను లేపి భుజం పట్టుకుని నడిపించింది. డేరా కింద ఎవరో "ఏంది, అయిపోయిందా?" అన్నారు.

పసుపు పొగ ఒక్క క్షణం నిటారుగా నిలబడింది. తర్వాత, ఏదో గుర్తొచ్చిన మనిషిలా, వెనక్కి తిరిగింది.

ముందు ఫైరింజన్లు రెండూ కనపడకుండా పోయాయి. తర్వాత వైద్య శిబిరం. తర్వాత తెల్లగుడ్డల కుర్చీలు, శాలువా, మజ్జిగ గ్లాసులు. ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బి ఒక పక్క తాడు తెంచుకుంది. పొగ హాని లేనిదే, అయినా దగ్గులు, తుమ్ములు, కుర్చీలు పడిపోయిన చప్పుళ్లు. పడవల దగ్గర మాత్రం సముద్రపు గాలి చల్లగా, శుభ్రంగా, అందరి వీపులకూ తగులుతోంది.

*

పొగ విడిచిపోయాక సుశీల్ కుమార్ గారు నల్లచీటీల కట్ట పట్టుకుని డేరాలోకి నడిచారు. కోపం లేదు, తొందర లేదు. అక్కడా, పక్కన వైద్య శిబిరంలోనూ ఉన్న ఒక్కొక్కరి మెడలో ఒక్కొక్కటి వేశారు. క్రీస్తురాజు తనంతట తానే తల వంచాడు. ముఖ్య అతిథి, పసుపు పట్టిన తెల్లచొక్కా దులుపుకుంటూ, "నాకు గూడానా?" అన్నారు. "మీకు కూడానండి," అని ఆయన మెడలో వేశారు. కట్టలో ఒకటి మిగిలింది. దాన్ని తన మెడలోనే వేసుకున్నారు.

"ఎనిమిదిన్నరకు గాలి చూశాను. రెండు గంటలు ఆలస్యమైంది. మళ్లీ చూడాల్సింది నేను. చూడలేదు," అన్నారు మైకు అక్కర్లేని గొంతుతో.

అంత పెద్దమనిషి అలా అనడం ఎవాంజెలిన్ పడవల దగ్గరినుంచే వింది.

ఆయన ఇసకలో బూట్లు దిగబడుతుంటే పడవల దగ్గరికి వచ్చారు. "ఇక్కడికి జరగమన్నది ఎవరు?"

"సిగ్నలు నేనిచ్చాను సార్. గాలి తిరుగుతుందని చెప్పింది నాగులమ్మక్క," అంది ఎవాంజెలిన్. మాస్కు తీసేసింది. జుట్టంతా చెమటతో నుదుటికి అతుక్కుని ఉంది. "సార్, నా సీటు ఆమెకు ఇచ్చేయండి. మొదటిరోజే ఇవ్వాల్సింది. ఇవ్వలేదు."

సుశీల్ కుమార్ గారు నాగులమ్మ ఎదురుగా ఇసకలో చతికిలబడ్డారు. నల్లచీటీకి ఎదురుగా నల్లచీటీ.

"ముందే తెలుసా అమ్మా?"

"తెలుసయ్యా. ఆ సారుకు చెప్తే పండుకోమన్నాడు. పండుకోనినాక చెప్తే, చచ్చినోళ్లు మాట్లాడకూడదనె ఈ సిస్టరమ్మ."

అందరూ నవ్వారు. దూరంగా నిలబడ్డ క్రీస్తురాజు కూడా నవ్వి, దగ్గరికి వచ్చి, "తప్పు నాదేనమ్మా," అన్నాడు.

సుశీల్ కుమార్ గారు నాగులమ్మ అరచేతులు చూశారు. చాలాసేపు చూశారు. జేబులోంచి జాబితా తీసి, పెన్నుతో, ఇరవైనాలుగో పేరు కింద ఇంకో పేరు రాశారు. పక్కన హోదా గడిలో ఏం రాస్తున్నారోనని ఎవాంజెలిన్ మెడ చాచి చూసింది. 'శిక్షకురాలు' అని ఉంది.

"మీ సీటు మీదేనమ్మా," అన్నారాయన ఆమెతో. "నేర్పేవాళ్లకు సీటుతో పనిలేదు. పై ఆఫీసు ఒప్పుకోకపోతే నేను మాట్లాడతాను." లేచి ఇసక దులుపుకుని, అందరికీ వినపడేలా చెప్పారు. "మనం ఇవాళ తప్పాం. తప్పినవాళ్లకు సర్టిఫికెట్లు ఇవ్వను. రేపు మళ్లీ ఇక్కడే డ్రిల్లు."

శనివారం. పులికాట్. ఎవాంజెలిన్ జడ్సన్ వైపు చూసింది. అతను అప్పటికే తన గ్లౌజు ఒకటి తీసి, నాగులమ్మ చేతికి పెట్టి కొలత చూస్తున్నాడు. ఆ గ్లౌజులో ఆమె చెయ్యి తప్పిపోయినట్టుంది.

"ఇది పెద్దది అక్కా. స్టేషన్లో చిన్న సైజు ఉండాయి. రేపొచ్చేటప్పుడు తెస్తా," అని, ఎవాంజెలిన్‌తో మెల్లగా, "పక్షులు ఎండలు ముదిరేదాకా ఉంటాయిలే," అన్నాడు.

ఆమె అంత రద్దీలో అతని చిటికెన వేలు పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు.

"డేరాలు ఎక్కడ వెయ్యాలో నాగులమ్మ గారు చెబుతారు," సుశీల్ కుమార్ గారు అంటున్నారు. "అందరూ తొమ్మిదికి..."

"తొమ్మిదికి కాదయ్యా," అంది నాగులమ్మ, గ్లౌజు వేళ్లు కదిపి చూసుకుంటూ. "చీకటి విడేతలికి రమ్మను. గాలి మొదట్నుంచీ చూడాల. మజ్జిగ తెచ్చుకోమను. ఆ శాలువా పెద్దాయన్ను మాత్రం పిలవబాకండి."